జ్యోతిరాణి చెప్పిన గోళీలు

తాండూరులో బ్యూటీ పార్లర్ నడిపే జ్యోతిరాణికి రెండేళ్ల క్రితం టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గిన మూడు నెలలకు జుట్టు పిడికెళ్లకొద్దీ ఊడింది. జుట్టుకూ చర్మానికీ గోళ్లకూ మంచివని ఎవరో చెబితే బయోటిన్ గోళీలు వేసుకుంది. ఆరు నెలల్లో మళ్లీ ఒత్తుగా వచ్చింది. అప్పటి నుంచి పార్లర్‌కు వచ్చి జుట్టు ఊడుతోందన్న ప్రతి ఒక్కరికీ అవే చెప్పేది.

ధారూర్‌లో టీచరైన మనీషా ఆ మాట నమ్మి రెండు నెలలు వాడింది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, జుట్టు ఊడుడు ఆగలే. నీరసమైతుందని వికారాబాద్‌ల రక్తపరీక్ష చేయించిన. థైరాయిడ్ మస్తు ఎక్కువున్నదంట. రేపు పోతే మందు మొదలువెడ్తరట."

"మన గోళీల సంగతి చెప్పినవా?"

"మందులేమన్న వాడుతున్నవా అని అడిగింది డాక్టరమ్మ. లేదన్న. గవి విటమిన్లే కద?"

ఫోన్ పెట్టాక జ్యోతిరాణికి కాలు ఒకచోట నిలవలేదు. ఒకామెకు కనుబొమ్మలు తీస్తూ దారం రెండుసార్లు తెంపుకుంది. తన దగ్గరున్న గోళీల డబ్బా వెనక్కి తిప్పి చూస్తే, రోజుకు కావలసినదానికి మూడు వందల రెట్లకు పైగా ఉందని చిన్న అక్షరాల్లో కనబడింది. ఇన్నాళ్లూ అటువైపు చదవనే లేదు.

మర్నాడు షట్టర్ తీయకుండా, డబ్బా సంచిలో వేసుకుని రైలెక్కింది. ధారూర్‌లో మనీషా ఎక్కింది. "నువ్వెందుకు పరేషాన్ అయితవ్ అక్కా?" అంటే డబ్బా తీసి ఆ చిన్న అక్షరాలు చూపించింది.

వికారాబాద్‌లో డాక్టరమ్మ డబ్బా చూడగానే రాస్తున్న మందు చీటీ పక్కన పెట్టింది.

"ఇంత బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్నిసార్లు థైరాయిడ్ లెక్క తప్పు చూపిస్తది. వారం ఆపి మళ్ల పరీక్ష చేయించుకో. ఐరన్ కూడ చూద్దాం."

"నాకైతే వీటితోనే వచ్చింది మేడం," అంది జ్యోతిరాణి. టైఫాయిడ్ సంగతీ చెప్పింది.

"పెద్ద జ్వరమొచ్చినంక ఊడిన జుట్టు చాలమందికి దానంతటదే వస్తదమ్మా. గోళీలు వేసుకోకున్నా వచ్చేదేమో."

జ్యోతిరాణి ముఖం వేడెక్కింది.

వారం తర్వాత మనీషా థైరాయిడ్ మామూలుగానే ఉందని తేలింది. ఐరన్ మాత్రం బాగా తక్కువ. దానికి మందిచ్చారు.

ఆ రిపోర్టు వచ్చిన రోజు నుంచే జ్యోతిరాణి తను గోళీలు చెప్పిన పద్దెనిమిది మందికీ ఫోన్లు మొదలుపెట్టింది. ఆపమంది. పరీక్షకు పోతే ఈ సంగతి దాచొద్దంది. వాళ్లలో సత్యమ్మ అయితే మండిపడింది: "మొన్న నువ్వే మంచివంటివి, ఇయ్యాల నువ్వే వద్దంటివి. ఏ మాట నమ్మాలె?"

"నాదే తప్పు వదినా. తెల్వక చెప్పిన," అంది జ్యోతిరాణి.

పదిహేడు మందికి చెప్పగలిగింది. మర్పల్లి నుంచి ఎవరి పెళ్లికో వచ్చిన ఒక పిల్ల మాత్రం దొరకలేదు. పేరు గుర్తులేదు, నంబరు లేదు. ఇప్పటికీ పార్లర్ తలుపు చప్పుడైతే జ్యోతిరాణి చేతిలో పని ఆపి అటు చూస్తుంది.