ఫ్యాన్ తిరుగుతుండగానే

రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చదువు ఏడో తరగతితోనే ఆగింది.

ఇవాళ మా ఇంట్లో కొత్త ఇన్వర్టర్ పెట్టారు. బ్యాటరీ నుంచి వచ్చిన ఆ పుల్లటి వాసనకు తార్నాకలోని మా పాత గది గుర్తొచ్చింది. ఉద్యమం రోజుల్లో సమ్మెలప్పుడు గంటల తరబడి కరెంటు పోయేది, మీకూ గుర్తుండే ఉంటుంది. లారీ డ్రైవరైన మా నాయిన పాత లారీ బ్యాటరీ తెచ్చి, ఇన్వర్టరుకు కలిపి, మంచం కింద పీట మీద పెట్టాడు. మా గల్లీలో ఫ్యాన్ తిరిగేది మా ఒక్క గదిలోనే.

"ఎవ్వలడిగినా ఫోన్లు పెట్టనియ్యకు బిడ్డా, బ్యాటరీ దిగుతది" అని చెప్పి డ్యూటీకి పోయాడు.

ఆ మధ్యాహ్నం యూనివర్సిటీలో లాఠీచార్జి జరిగింది. చొక్కా చిరిగిన ఒక విద్యార్థి మా తలుపు దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, పది నిమిషాలు ఫోన్ చార్జింగ్ పెట్టుకుంట. ఊర్ల మా అమ్మ టీవీల చూసి ఏడుస్తుంటది."

"కరెంటు లేదన్నా" అన్నాను.

నా వెనక ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆ గాలికి కర్టెన్ లేచి అతని చేతికి తగిలింది. అతను ఫ్యాన్ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

"సరే చెల్లె. జర మంచినీళ్ళన్న ఇయ్యి."

తాగి, గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం నాయిన అడిగితే ఎవరూ రాలేదన్నాను.

ఆ అమ్మకు ఆ రోజు కొడుకు గొంతు వినబడిందో లేదో నాకు తెలియదు. మా ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు. చదివినవాళ్ళు దయచేసి ఎవరికీ పంపకండి. పొద్దున లేవగానే ఈ పోస్టు తీసేస్తాను.