సారు అరచెయ్యి
కప్పగల్లు బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన శంకరనారాయణ సారుకు ఒక పాఠమంటే మహా ఇష్టం. "యానిమల్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో ఉండేది ఊపిరి. ఊపిరాడేదంతా యానిమలే, మీరూ, నేనూ కూడా" అంటూ పిల్లల చేత ముక్కు కింద అరచెయ్యి పెట్టించేవారు. రిటైరయ్యాక, పోయిన ఎండాకాలం ఇంట్లో పాలిచ్చే రెండు ఎనుముల్లో ఒకటి చప్పుడు లేకుండా చచ్చిపోయినప్పటి నుంచి ఆ పాఠం ఆయనకు భయమై కూర్చుంది. మిగిలిన ఒక్క ఎనుము ముక్కు దగ్గర పొద్దున్నే చెయ్యి పెడతారు. వెచ్చటి తడి తగిలితేగానీ కాఫీ ముట్టరు. ఊరి మీదుగా పోయే ఇనుప ఖనిజం లారీల ఎర్రదుమ్మును కళ్లద్దాల మీద నుంచి తుడుచుకుని, వాకిట్లో పడుకున్న కుక్క దగ్గరా వంగుతారు.

నిన్న మధ్యాహ్నం కునుకు తీస్తున్న భార్య విజయమ్మ ముక్కు దగ్గర అలాగే చెయ్యి పెట్టారు. ఏమీ తగల్లేదు. చెయ్యి ఇంకా దగ్గరికి జరిపారు. అంతలో ఆమె కళ్లు తెరిచింది.

"ఏందప్పా, ఉండానా పోయినానా అని చూస్తాండావా?" అని నవ్వి, తన అరచెయ్యి ఆయన ముక్కు కింద పెట్టింది. "ఏదీ, నీది చూద్దాం."

నాలుగు నెలలుగా దాచిన తన ఛాతీలోని పిల్లికూతలు ఆమెకు ఎక్కడ వినబడతాయోనని సారు ఊపిరి బిగబట్టారు. చేతికేమీ తగలక, విజయమ్మ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.