బోణీ పేజీలో బటన్

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో రాజమండ్రిలో ఒక చిన్న వెబ్‌సైట్ల కంపెనీలో సీనియర్ డెవలపర్‌గా చేరాను. సీనియర్ అన్నది నా వయసు చూసి ఇచ్చిన హోదా. ఈ విద్య నాకు ఏ కాలేజీ నేర్పలేదు. ఇతరుల పేజీల సోర్సు తెరిచి చదువుకున్నాను.

యజమాని సుబ్బారావు గారిది కిరాణా వ్యాపారుల కుటుంబం. నేను చేరడానికి ఏళ్ళ ముందు, తొలి ఖాతాదారుకి చేసిన పేజీకి ఆయన పసుపు కుంకుమ పెట్టి, బోణీ పేజీ అన్నారట. తరువాత ఎవరికి సైటు చేసినా దాన్నే కాపీ చేసి బొమ్మలూ రాతలూ మార్చాలి. లోపలి కోడ్ ముట్టుకోకూడదు. కంప్యూటర్ ప్రోగ్రాముకి మడి కట్టించిన ఘనత మాదే అనుకుంటాను.

నరసాపురం నుంచి సత్యవతి గారు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ చేత లేసు అల్లించి అమ్ముతారు. బెంగళూరు దుకాణం ఒకటి సీజను సరుకంతా తీసుకుంటామంది, ఆర్డర్లు సైటు ద్వారానే నడవాలంది. ఆ సాయంత్రంలోగా నమూనా ఆర్డరు ఒకటి చేరకపోతే ఆ బేరం మిషను లేసు వాళ్ళకి ఇచ్చేస్తామంది. కొలతలు సరిచూసి ఆర్డరు పంపే స్క్రిప్టు రాసి కాపీకి తగిలించాను. బటన్ నొక్కితే ఆర్డరు కదల్లేదు.

సుబ్బారావు గారు ముందు ఇంటర్నెట్‌ని తిట్టారు, తరువాత ఫోను మార్చమన్నారు, ఆపైన రాహుకాలం దాటనిమ్మన్నారు. తప్పులు చూపించే బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రటి వాక్యం అప్పటికే ఉంది: సబ్మిట్ అనేది ఫంక్షన్, అంటే పిలిస్తే జరిగే పని, కాదట. దాన్ని చదవడం తప్ప అన్నీ చేశారాయన.

సంగతి ఇది. పేజీలోని ఆర్డరు ఫారానికి తనను తాను పంపుకునే సొంత పని ఒకటుంది; దాని పేరు సబ్మిట్. బోణీ పేజీలో బటన్‌కి కూడా అదే పేరు పెట్టారు. ఫారం లోపలి వస్తువు పేరు గానీ ఐడీ గానీ అలా కలిస్తే, స్క్రిప్టు పిలిచినప్పుడు పనికి బదులు బటన్ పలుకుతుంది. పాత సైట్లలో పిలిచే స్క్రిప్టే లేదు, కాబట్టి బయటపడలేదు.

బటన్ పేరు మార్చాలన్నాను.

“బోణీ పేజీ అండి అది. ఇన్నేళ్ళు పనిచేసింది ఇప్పుడు చెడిందంటే, మీరు రాసిందే చూసుకోండి” అన్నారు సుబ్బారావు గారు.

సత్యవతి గారు కుర్చీలోంచి లేవకుండానే అందుకున్నారు. “మీ బోణీ ఎప్పుడో అయిపోయింది కదండి. మా ఆడాళ్ళకింకా అవలేదు. ఆయన్ని మార్చనివ్వండి.”

ఆయన మొహం అటు తిప్పుకున్నారు. అనుమతి ఆ రూపంలోనే వచ్చింది. ఒక్క మాట మార్చాను. ఆర్డరు వెళ్ళింది, చేరిందని బెంగళూరు నుంచి ఫోను వచ్చాక గానీ ఆవిడ నరసాపురం బయలుదేరలేదు. అసలు బోణీ పేజీని మాత్రం నేను అక్కడ పని మానేసేదాకా సుబ్బారావు గారు ఎవరినీ తాకనివ్వలేదు. ప్రతి కొత్త కాపీలోనూ, ఆయన టీకి వెళ్ళినప్పుడు, ఆ పేరు మార్చడం నా ఉద్యోగంలో భాగమైంది.

ఫారంలోని దేనికీ సబ్మిట్, యాక్షన్, రీసెట్ అన్న పేర్లు పెట్టకూడదు. తప్పేమిటో బ్రౌజర్ రాసి చూపిస్తున్నప్పుడు ముందు అది చదవాలి. యజమాని చెప్పే కారణాలు తరువాతైనా వినవచ్చు, వినకపోయినా నష్టం లేదు.