వీధంతా వినబడిన రొట్టె

ఆ రోజుల్లో మా ఆలూరులో ఏ ఇంట్లో జొన్నరొట్టె చేస్తున్నారో వెళ్లి చూడనక్కర్లేదు, వినబడేది. పొద్దుగూకితే వీధి పొడవునా టపటపమని తట్టే చప్పుడే. పిండిముద్ద అరచేతి కింద తిరుగుతూ తిరుగుతూ అంత గుండ్రంగా ఎలా అవుతుందా అని నాకు ఎప్పుడూ వింతగా ఉండేది (మగపిల్లవాడు రొట్టెల పీట ముందు కూర్చుంటే ఊరంతా నవ్వుతుందని అంతకు రెట్టింపు భయం కూడా ఉండేదనుకోండి). నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ గడప దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నాన్నకు టీ పెట్టడం కూడా రాదు. ఎదురింటి అత్త రొట్టెలు పంపేది గాని, అవి ఇటుకలకు అక్కచెల్లెళ్లు. అన్నం పెడితే అమ్మ నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. ఆమెకు రొట్టె లేనిదే తిన్నట్టుండదు. రోజురోజుకీ నీరసపడుతుంటే చూడలేక, ఒక సాయంత్రం తలుపు మూసి పీట ముందేసుకున్నాను.

తలుపు మూశాను గాని చప్పుడును మూసేదెట్లా? నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఎదురింటి అత్త కిటికీలో ప్రత్యక్షమైంది. “ఏమప్పా, రొట్టె చేస్తాండావా, గోడకు మేకు కొడతాండావా?” ఆమె వెనక నవ్వుతూ ఇంకొన్ని తలకాయలు. తట్టేకొద్దీ అంచులు పగిలాయి. పెనం మీదికి ఎత్తబోతే నడిమికి విరిగింది. “ఉడుకు నీళ్లు పోసి పిసకల్ల రా! చన్నీళ్లకు జొన్నపిండి యాడ అతుక్కుంటాది?” అని ఆమె చెప్పేసరికి పిండంతా కలిపేసి ఉన్నాను. లేచి పారిపోదామనిపించింది. లోపల అమ్మ ఆకలితో ఉందని గుర్తొచ్చి ఇంకోటి తట్టాను. అదీ విరిగింది. ఆ ముక్కలనే కాల్చి, తల వంచుకుని అమ్మ ముందు పెట్టాను.

అమ్మ ఎడమచేత్తో ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. “శానా బాగుండాది నాయనా. ఇరిగితే ఏమి? ఒంటి చేత్తో నేనెట్ల ఇరుచుకొని తిందును? నువ్వే ఇరిచి పెట్టినావు” అంటూ పళ్లెం ఖాళీ చేసింది. కిటికీలో నవ్వులు ఆగిపోయాయి. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా రొట్టెలు గుండ్రంగానే వస్తాయి. చప్పుడు విని కిటికీ దగ్గరికి ఎవరూ రారు, అమ్మ కూడా టీవీ మీంచి చూపు తిప్పకుండానే తినేస్తుంది. అందుకే అప్పుడప్పుడు మొదటి రొట్టె అంచు నేనే కాస్త విరిచి పెడతాను. “ఇంకా రాలేదా నాయనా నీకు?” అని నవ్వి, ఆమె ఆ ముక్కనే ముందు తీసుకుంటుంది. తల నెరుస్తున్న మనిషిని, సిగ్గులేకుండా మురిసిపోతాను.