నాలుగు పేర్ల మేర తెర

సముద్రం అవతలి పెద్ద దేశం జెండాలు అటక మీంచి దిగిన రోజు కుట్టు కార్ఖానాలో సుద్దక్క నోరు విప్పింది ఒక్కసారే. ట్రంకుపెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ దేశంతో మనకి చెడి చాలాకాలమైంది. ఇప్పుడు రెండు దేశాలూ మళ్లీ కలిశాయట. వాళ్ల మంత్రి వస్తున్నాడట. నలిగిన జెండాలకి ఇస్త్రీ పడాలట. ఒక జెండా మూల ఎలుక కొట్టేసి ఉంటే, మాసిక వేయమని కార్ఖానా మాస్టారు దాన్ని తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

"ఎలుకకున్న రోషం మనవాళ్లకి లేకపోయింది," అంది సుద్దక్క.

మిషన్ల మీద ఉన్న ఆడవాళ్లంతా తలలు వంచుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

అది సర్కారు కార్ఖానా. పొడుగాటి రేకుల షెడ్డు, మధ్యలో బారుగా కత్తిరింపు బల్ల. బయటి దేశాల పెద్దలు వచ్చినప్పుడు జెండాలు, సంతకాల బల్లల మీద పరిచే ముఖమల్ గుడ్డలు, విగ్రహాల మీద కప్పే తెరలు, యుద్ధంలో పోయినవాళ్ల పెట్టెల మీద పరిచే దుప్పట్లు, అన్నీ ఆ బల్ల మీదే తెగుతాయి. పెళ్లైన కొత్తలో అక్కడ చేరిన సుద్దక్కకి చెవి వెనకాల సుద్దముక్క పెట్టుకునే అలవాటు. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీయడం మరిచిపోతుందని తమ్ముడు ఏడిపించేవాడు. ఆ పేరు వాడు పెట్టిందే.

ఆ కార్ఖానాకి ఒక కట్టుబాటు ఉంది. ఆర్డరు ఎవరిదైతే వాళ్లే బల్ల దగ్గరికి వచ్చి అందరూ వినేలా కొలత చెప్పాలి. గుడ్డ మీద మొదటి గీత వాళ్ల చేత్తోనే గీయాలి. అంతవరకు కత్తెర కదలదు. వెనకెప్పుడో ఒక ఆఫీసరు నోటిమాటగా జెండా రంగుల వరస తప్పు చెప్పాడు. విందులో పరువు పోయింది. కుట్టినామె ఉద్యోగం ఊడింది, చెప్పినాయన పై కుర్చీకి వెళ్లాడు. ఆ కుట్టినామె మాస్టారి వదినగారు. అప్పటినుంచి ఆయన ఎవరి మాటా వినడు. "గీత గీయనివాడి ఆర్డరు నాకు వినపడదు," అని చెవి చూపిస్తాడు. ఆఫీసర్లు విసుక్కుంటూనే సుద్ద పట్టుకుంటారు.

సుద్దక్క తమ్ముడు గస్తీ బోటులో ఇంజిన్ మెకానిక్కు. తల్లి పోయినప్పుడు వాడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. అన్నం కలిపి పెట్టింది, చొక్కాలు కుట్టింది, పెళ్లి చేసింది అన్నీ ఈవిడే. బోట్లు సముద్రం అవతలి దేశానివి. ఒక్క బోల్టు కావాలన్నా వాళ్ల దగ్గరే కొనాలి, మన రేవులో చేసుకుంటే ఒప్పందం తప్పినట్టు. "అక్కా, ఈ ఆయిలు పైపు మా షెడ్డులో చిటికెలో చేసిపారేస్తాను. చేస్తే నేరమంట. బోటు మనదే, ఇంజిన్ మనదే, జబ్బు చేస్తే మందు మాత్రం వాళ్లదే మింగాలి," అనేవాడు.

అలా ఉండగా మనవాళ్లు కొండల అవతలి దేశం దగ్గర రాడార్లు కొన్నారు. సముద్రం అవతలి వాళ్లకి కోపమొచ్చి సామాన్లు ఆపేశారు. పైపులకి బీటలు పడ్డాయి. కొండల అవతలి వాళ్లు, పైపులే కదా, మేమిస్తామన్నారు. వచ్చాయి. ఆ ఇంజిన్‌కి ఈ పైపు దాదాపుగా సరిపోయింది.

దాదాపుగా.

ఆ పైపు బిగించనన్నాడు తమ్ముడు. రేవు ఆఫీసు మేడ మీంచి పెద్దసారు ఫోను చేశాడు. "సరిహద్దు ఖాళీగా ఉంచలేం. దాదాపు చాలు. బిగించు." ఆ పూట అన్నం తింటూ వాడు చెప్పిన మాట సుద్దక్క చెవుల్లోంచి ఇప్పటికీ పోదు. "మీ కార్ఖానాయే నయమక్కా. నోటిమాటకి గీత ఎక్కడుంటుంది?"

నిజానికి వాడు ఆ బోటు ఎక్కాల్సిన పని లేదు. అలాంటి పైపు బిగించి నలుగురినీ సముద్రం మీదికి పంపి, తను ఒడ్డున కూర్చోలేక ఎక్కాడు. నడిసముద్రంలో పైపు పగిలింది. కాగుతున్న ఇంజిన్ మీద ఆయిలు చిమ్మి బోటంతా అంటుకుంది. వెళ్లిన అయిదుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

విచారణ చేశారు. మెకానిక్కు ఎవరినీ అడక్కుండా పనికిరాని పైపు బిగించాడని తేల్చారు. రేవు గేటు పక్కన కట్టిన స్మారక గోడ మీద నాలుగు పేర్లే చెక్కమన్నారు. రేవు వీధి నమ్మింది. బోటు చుక్కాని పట్టిన కుర్రవాడి తల్లి అందరికంటే ముందు నమ్మింది. సుద్దక్క గుమ్మం ముందు నిలబడి, "నా కడుపులో చిచ్చు పెట్టింది మీ ఇంటివాడేనే! వాడి వంశం మట్టికొట్టుకుపోను!" అని దుమ్మెత్తి పోసింది. తమ్ముడి భార్య ఆ వీధిలో ఉండలేక బిడ్డని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. సుద్దక్క మిగిలింది. వాడి పేరు ఆ రాతి మీద చూడాలి. ఆమెకి అంతకు మించిన కోరిక లేదు.

ఇంట్లో ఆమె భర్త ఉన్నాడు. కరెంటాఫీసు గుమస్తా. సాయంత్రం అయితే టీవీలో వాదులాడుకునే వాళ్లతో పాటు తనూ అరుస్తాడు.

"మనం అటు పెద్ద దేశమూ కాదు, ఇటు చిన్న దేశమూ కాదే. ఇద్దరితోనూ మంచిగా ఉండాలి. తెలివంటే అదీ!"

"గోడ మీద పిల్లి తెలివి."

"నీకేం తెలుసే విదేశాంగం?"

"ఇద్దరి చెయ్యీ పట్టుకుని వేలాడారు. వాళ్లు చెరోవైపు లాగారు. చిరిగింది మా వాడు. నాకు ఆ మాత్రం తెలుసులెండి."

"వాడి మీద తీర్పు వచ్చేసింది కదా. ఇంకా ఎందుకు..."

"కంచం తీయనా?" అంది సుద్దక్క. ఆయన ఇంకా తింటూనే ఉన్నాడు. ఆమె కంచం తీసేసింది.

జెండాలకి ఇస్త్రీ అయిన మర్నాడు కార్ఖానాకి పెద్దసారే స్వయంగా వచ్చాడు. తెల్లటి బట్టలు, పాలిష్ పెట్టిన బూట్లు. సముద్రం అవతలి మంత్రి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ గోడకి తెర తీసి దండ వేస్తాడట. నీలం పట్టుతో తెర కావాలి. ముందు ఎవరో కిందివాణ్ని పంపించాడు. మాస్టారు చెవి చూపించేసరికి ఈయనే రావాల్సి వచ్చింది.

"ఏమయ్యా, గీత గీయడానికి నేనా?" అన్నాడు విసుగ్గా.

"మా రాత అంతే సార్," అన్నాడు మాస్టారు.

సుద్దక్క గుడ్డ పరిచింది. చెవి వెనకాల సుద్ద తీసి చేతిలో పట్టుకుంది, ఇవ్వలేదు.

"ఎంతమందికి సార్ తెర?"

"నలుగురికి."

"బోటులో వెళ్లింది అయిదుగురు."

మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి. పెద్దసారు ఆమె మొహంలోకి చూశాడు. ఎవరో గుర్తుపట్టాడు.

"చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ నీ ఇల్లు లాంటిది కాదు దేశం. ఒకడి దగ్గరే కొంటే వాడు వంగమన్నప్పుడల్లా వంగాలి. ఇద్దరి దగ్గరా కొంటే ఇద్దరూ అలుగుతారు. మనమే చేసుకుందామంటే ఏళ్లు పడుతుంది. ఆలోగా సరిహద్దు ఎవరు కాయాలి? ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నదానికి కొంత నష్టం ఉంటుంది."

"ఎంచుకున్నది మీరు. నష్టం మా వాడు. సరే సార్, ఆ మాటే గోడ మీద రాయించండి."

"అది కుదరదు."

"ఎందుక్కుదరదు? బిగించమన్నది మీరు కాదా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు!" పెద్దసారు మెడ ఎర్రబడింది. "సుద్ద ఇయ్యి."

ఆమె ఇవ్వలేదు. "సార్, గోడ చూసి వచ్చారా?"

"గోడ చూడాల్సిన ఖర్మ నాకేంటి? నాలుగు పేర్లు. ఒక్కో పలక మూడడుగుల వెడల్పు. పన్నెండడుగులు. ఇంకేం కావాలి?"

"మళ్లీ అడుగుతున్నాను. నాలుగు పేర్ల మేరేనా?"

"నాలుగంటే నాలుగే! నీకు చెవుడా?"

అప్పుడిచ్చింది సుద్ద. పెద్దసారు మాస్టారు పట్టిన టేపు పక్కన పన్నెండడుగుల దగ్గర గట్టిగా ఒక గీత గీశాడు. చేతులకంటిన పొడి దులుపుకుని కారెక్కాడు. ఆయన చేత్తో గీసింది గీసినట్టే, ఆ గీత మీదే కత్తెర పెట్టింది సుద్దక్క. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు.

మాస్టారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆ గోడకి..."

"మీరు నా కత్తిరింపు చూస్తున్నారా, గోడ చూస్తున్నారా మాస్టారూ?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గోడ సంగతి రేవు వీధిలో అందరికీ తెలుసు. ఒక్క పెద్దసారు తప్ప. రాతిపనివాడు మొదటి ఆర్డరు ప్రకారం నల్లరాతి పలకలు అయిదు అమర్చాడు. తర్వాత నాలుగు పేర్లే చెక్కమన్నారు. అయిదోది పీకితే గోడ బీటలిస్తుందని వదిలేశాడు. అది నున్నగా, నల్లగా, ఉత్తిగా ఉండిపోయింది. సుద్దక్క పనికి వెళ్తూ వస్తూ దాన్ని కొంగుతో తుడుస్తుంది. పెద్దసారి కారు రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్తుంది, అద్దాలు ఎత్తుకుని.

తెర తీసే రోజు ఉదయం కాపలావాళ్లు గుడ్డ కట్టి చూసి కంగారు పడ్డారు. కుడివైపు లాగితే ఎడమ చివర పేరు బయటపడుతోంది. ఎడమకి లాగితే కుడిపక్క బోడి పలక కనిపిస్తోంది. ఇటు లాగి, అటు లాగి, చెమటలు పట్టి, చివరికి పేర్లు నాలుగూ కప్పి బోడిపలకని వదిలేశారు. అడ్డంగా పూలకుండీ తెచ్చి పెట్టారు. అది మోకాలెత్తు కూడా లేదు. పెద్దసారు వచ్చి చూసి సుద్దక్క వైపు తిరిగి పళ్లు కొరికాడు. తెర తాడు చిక్కుపడితే విప్పడానికి కార్ఖానా తరఫున ఆమె అక్కడే సూదీదారంతో నిలబడి ఉంది.

"ఏంటిది?"

"మీ గీతే సార్. కార్ఖానా అంతా చూసింది."

ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో కార్లు వచ్చేశాయి.

ఎలుక కొట్టిన జెండా మాసికతో సహా రెపరెపలాడుతోంది. సముద్రం అవతలి మంత్రి తాడు లాగాడు. నీలం పట్టు జారింది. నాలుగు పేర్లు వెలుగులోకి వచ్చాయి. చప్పట్లు కొట్టారు. ఆ మంత్రి దండ వేసి, వెనక్కి తిరగబోయి, ఆగి, అయిదో పలకని వేలితో చూపించి ఏదో అడిగాడు. దుబాసీ పెద్దసారు వైపు తిరిగాడు.

"ఈ ఖాళీ రాయి ఎవరికని అడుగుతున్నారు సార్."

ఆడవాళ్లు, పిల్లలు, కుర్చీల్లో కూర్చున్న, బోటులో పోయినవాళ్ల కుటుంబాలు, అందరూ పెద్దసారి నోటి వైపే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముందు ముందు అవసరానికి ఉంచామని చెప్పు."

దుబాసీ చెప్పాడు. మంత్రి అర్థమైనట్టు తలూపాడు.

మొదటి వరసలో కుర్చీ కిందపడ్డ చప్పుడైంది. చుక్కాని కుర్రవాడి తల్లి లేచి నిలబడింది.

"ఎవరి అవసరానికయ్యా?"

"అమ్మా, కూర్చోండి..."

"నాకింకో కొడుకున్నాడు. మీ బోట్లలోనే ఉన్నాడు. వాడికోసం పెట్టావా ఆ రాయి? ఇప్పుడే పాలిష్ కూడా పెట్టేసి ఉంచావా?" ఆమె గొంతు చీరుకుపోతోంది. "అయిదోవాడు పోయాడు కదా! వాడికెందుకు లేదు మరి? తప్పంతా వాడిదేనని మాకు చెప్పారు, మరి వాడు పోయాక ఇంకో చావెందుకొస్తుంది? ఆ పైపు ఎవడు పెట్టమన్నాడు?"

ఇద్దరు వచ్చి ఆమెని చెరో రెక్కా పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు. బ్యాండు గట్టిగా వాయించారు. కార్లు కదిలాయి. సుద్దక్క కుట్టిన ముఖమల్ గుడ్డ మీద సంతకాలు జరిగిపోయాయి. పైపులు మళ్లీ వస్తాయి, బదులుగా మన రేవులో వాళ్ల ఓడలు ఆగుతాయి. సుద్దక్క భర్త టీవీ ముందు, "చూశావా, ఎంత తెలివైన ఒప్పందమో!" అన్నాడు. ఆమె టీవీ ఆపేసింది.

మర్నాడు కార్ఖానా గుమ్మంలో చుక్కాని కుర్రవాడి తల్లి నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నీ మీద కోపం పోయిందనుకోకు."

"పోనక్కర్లేదు పిన్నీ."

"నీ తమ్ముడు బిగించాడు. ఎవడు చెప్పినా చేతులు వాడివే."

"అవును. వాడివే."

"సుద్దముక్క ఇయ్యి."

సుద్దక్క చెవి వెనకాలది తీసి ఇచ్చింది. పెద్దావిడ దాన్ని పిడికిట్లో బిగించుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ గోడ దగ్గర ఆగింది సుద్దక్క. అయిదో పలక మీద తెల్లటి వంకర అక్షరాలు. పెద్దావిడ పట్టుకెళ్లిన సుద్దే. తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా. కాపలావాడు తడిగుడ్డతో దాన్ని తుడుస్తున్నాడు. నీలం పట్టు తునక అది. తెరనే చింపుకున్నారు.

"మీరేనా రాసింది?" అన్నాడు అనుమానంగా.

"మొదటి గీత నాది కాదు."

"తుడవమని ఆర్డరమ్మా. మళ్లీ రాస్తే మళ్లీ తుడవాలి."

"నోటిమాటేనా ఆర్డరు?"

వాడు నసిగాడు. "ఫోను చేసి చెప్పారు."

"అయితే తుడువు. నీ పని నువ్వు చెయ్యి."

వాడు తుడిచేదాకా పక్కనే నిలబడింది. రాయి మళ్లీ నల్లగా అయింది. తడి ఆరేదాకా కూడా నిలబడింది. తర్వాత సంచీలోంచి కొత్త సుద్ద తీసి, వాడు చూస్తుండగానే, మొదటి అక్షరం దగ్గర చెయ్యి పెట్టింది.