చిన్నబాపు మగ్గం మీది పోగులు

నా చిన్నప్పుడు, చెన్నూరులోని మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి మేం బాపు అని పిలిచే నాన్నది, రెండోది ఆయన తమ్ముడు చిన్నబాపుది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రంగుల పేర్లన్నీ నేర్పింది చిన్నబాపే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన మనిషే మారిపోయాడు. నీళ్లలో ఎవరో మందు కలుపుతున్నారని కుండలు పగలగొట్టేవాడు. కొండగట్టు అంజన్న గుడిలో నలభై రోజులు ఉంచినా తగ్గలేదు. ఒకనాడు బావి గట్టెక్కి నిలబడితే బాపు వెనక్కి లాగాడు.

ఇక హైదరాబాదు దవాఖానే దిక్కనుకున్నారు. నూలు కొనడానికని చెప్పి బస్సెక్కిద్దామన్నాడు బాపు. నాకు ఆ ఉపాయం భలే నచ్చింది. బాపు తల్లి, మా బాపమ్మ, ఒక్కతే ఒప్పుకోలేదు. పొద్దున్నే చిన్నకొడుకు ముందు కూర్చుంది.

"దవాఖానకు తీస్కపోతున్నం బిడ్డా. నువ్వు రానన్నా తీస్కపోతం. నీ మగ్గం మీది పోగులు మాత్రం ఎవ్వర్నీ తెంపనియ్య. నువ్వే వచ్చి అతుక్కో."

నేత అయిపోయాక పాత పోగుల కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి అతుకుతారు. పాతవి తెంపితే అంతా మొదటినుంచి ఎక్కించుకోవాల్సిందే.

చిన్నబాపు అరుస్తూ బాపు చెయ్యి కొరికాడు. చివరికి ముగ్గురు పట్టుకుని హైదరాబాదు రైలు కోసం మంచిర్యాల బస్సెక్కించారు. అబద్ధమాడితే నవ్వుతూ పోయేవాడు కదా అని నేను బాపమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఐదు నెలలు ఆ మగ్గం ఖాళీగానే ఉంది. పోగులకున్న గంజి వాసనకు ఎలుకలు రాకుండా బాపమ్మ దాని పక్కనే పడుకునేది. మగ్గం అడగడానికి వచ్చినవాళ్లను గడప దాటనివ్వలేదు.

చిన్నబాపు చిక్కిపోయి వచ్చాడు. బాపు వైపు చూడలేదు. నేరుగా మగ్గం దగ్గరికి పోయి పోగుల కొసలు తడిమాడు. అతికేటప్పుడు వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. "జర బూడిద తే బిడ్డా" అన్నాడు నాతో. బాపమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

చాలా రోజుల తర్వాత నాతోనే అన్నాడు: "పట్టుకపోయిండ్రన్న కోపం పోలే. గని అవ్వ నాకు అబద్ధం చెప్పలే." ఆ రోజు మాట వస్తే బాపు మాత్రం చేతి మీది పంటిగాటు చూసుకుంటూ ఉండిపోయేవాడు.

పెద్దయ్యాక మా చెల్లెకు అదే జబ్బు వచ్చింది. పెళ్లికని చెప్పి దవాఖానకు తీసుకుపొమ్మన్నారు అందరూ. నేను పొద్దున్నే దాని ముందు కూర్చుని, బాపమ్మ చెప్పినట్టే చెప్పాను. ఆ రోజు గుర్తొస్తే అది ఇప్పటికీ నన్ను తిడుతుంది. తిట్టనీ. నేనిచ్చిన మంచినీళ్లు మాత్రం అనుమానం లేకుండా తాగుతుంది.