పద్నాలుగు పాటల ఒంటరివాడు

మా ఊరు ష్రీవ్‌పోర్ట్‌లో రాస్కో పేరు తెలియనివాడు లేడు. రాస్కో పక్కన నిలబడేవాడి పేరు తెలిసినవాడూ లేడు. ఆ పక్కవాడు కెర్విన్ హోలోవే. ఇద్దరూ కలిసి ర్యాప్ పాడి రెండు క్యాసెట్లు తెచ్చారు. సగం మాటలు కెర్విన్‌వే అయినా, నా సెలూన్‌కొచ్చే జనం "నువ్వు రాస్కో తాలూకు కదూ?" అనే పలకరించేవారు.

తొంభై ఏడు వేసవిలో ఒక శనివారం, గడ్డం గీయించుకుంటూ కెర్విన్ ప్రకటించాడు.

"సోలో ఆల్బమ్ చేస్తున్నానన్నా. పద్నాలుగు పాటలు. ఎవ్వడి సాయం లేకుండా."

"పేరేం పెట్టావ్?"

"ఒక్కడినే."

"మరి టైర్ల షాపు ఉద్యోగం?"

"అదుంటుందిలే. పగలు టైర్లు, సాయంత్రం సింహం."

తల్లి పోయాక అతన్ని పెంచింది పెద్దమ్మ ఎర్నస్టీన్. ఆవిడ ఇంటి వెనక గదికి కోడిగుడ్ల అట్టలు అంటించి అదే స్టూడియో అన్నాడు. తాళం కట్టి, రికార్డు చెయ్యడానికి వీధి చివరి రూఫస్‌ని తెచ్చాడు. పల్లవికి చర్చి బృందంలోంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. నా స్పీకర్లు నేనిచ్చి, బదులుగా మూడో పాటలో సెలూన్ పేరు చెప్పించుకున్నాను. ఎవరి తోడూ అక్కర్లేదని చాటడానికి అబ్బాయి మొత్తం పదకొండు మందిని పోగేశాడు.

ఐదో పాటలో తాను అడవికి రాజునని, తనను అడిగేవాడు పుట్టలేదని గర్జిస్తున్నాడు. తలుపు తోసుకుని, చేపలు వేయించే గరిటతో ఎర్నస్టీన్ లోపలికొచ్చింది.

"ఏరా మృగరాజా! చెత్తడబ్బా బయట పెట్టమని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా. బండొచ్చి పోయింది. ఆ రొయ్యతొక్కల కంపు నువ్వు పీలుస్తావా, నన్ను పీల్చమంటావా?"

"పెద్దమ్మా, రికార్డవుతోందే!"

"అవనీ. ఆ చొక్కా వేసి మూడ్రోజులైందని కూడా రాసుకోనీ!"

ఆ తిట్లు తుడిచెయ్యమన్నాడు కెర్విన్. అలాగేనన్నాడు రూఫస్. తుడవలేదు. ఆ సంగతి బయటపడేసరికి వెయ్యి క్యాసెట్లు తయారై కూర్చున్నాయి.

"ఎందుకుంచావురా?" అని నేను నిలదీస్తే, "ఆ పాట మొత్తంలో తాళం తప్పనిది ఆవిడొక్కతే కదన్నా" అన్నాడు రూఫస్.

కారు డిక్కీలో పెట్టుకుని అమ్మితే క్యాసెట్లు రెండు వారాల్లో అయిపోయాయి. రేడియోలో ఐదో పాట, కార్లు కడిగే చోట ఐదో పాట. కెర్విన్ గొంతు వచ్చినంతసేపూ జనం కబుర్లాడుకునేవారు, గరిట రాగానే సౌండు పెంచేవారు.

ఎర్నస్టీన్ మొదట మండిపడింది. "నా ఇంటి కంపు ఊరంతా పంచావుట్రా!" అయితే ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారే ఆపి, "సిస్టర్, మృగరాజు కులాసాయేనా?" అని అడిగేసరికి ఆవిడ కోపం కాస్తా దిగింది. మరుసటి వారం కొత్త టోపీ పెట్టుకుంది.

అప్పుడొచ్చాడు రాస్కో, చేతిలో పీచ్ పండ్ల మిఠాయితో.

"పెద్దమ్మా, నా ఆల్బమ్‌లో నన్నూ నాలుగు తిట్టవే."

"నీ మిఠాయి తింటా గానీ, నిన్ను తిట్టను. నేను పెంచినవాణ్ణే తిడతా."

అరుగు మీద కెర్విన్ విన్నది మిఠాయి వరకే. ఆవిడ ఒప్పేసుకుందనుకుని వారం రోజులు మాట్లాడలేదు.

అక్టోబరు తిరునాళ్ళలో అతన్ని వేదికెక్కించారు. నాలుగు పాటలు పాడాడు. ముందు వరుసవాళ్ళు తీరిగ్గా వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. ఐదో పాట మొదలవగానే "పెద్దమ్మ! పెద్దమ్మ!" అని అరుపులు. మూడో వరుసలో, ఇంటికి పట్టుకెళ్ళాల్సిన టర్కీకోడి కాలు కాగితంలో చుట్టుకుంటూ ఎర్నస్టీన్ కూర్చుని ఉంది. కెర్విన్ మైకులోనే అన్నాడు.

"పెద్దమ్మా, రావే."

వచ్చింది. టోపీ సర్దుకుని మైకందుకుంది. జనం చెత్తడబ్బా కోసం చెవులు రిక్కించారు.

"వారమైంది, నాతో మాట్లాడవేంరా? నేనేం చేశాను?"

కెర్విన్ ఆవిడ చేతిలోని మైకు దగ్గరికి వంగాడు. రూఫస్ తాళం మోగుతూనే ఉంది. "తప్పయింది పెద్దమ్మా" అన్నాడు. అది కూడా పాటలో భాగమే అనుకుని మైదానమంతా ఈలలు వేసింది. ఆ ఏడాది అంత బాగా ఎవరూ పాడలేదని మర్నాడు నా సెలూన్లో తీర్మానించారు.

రెండో ఆల్బమ్ రాలేదు. కెర్విన్ ఇప్పుడు టైర్ల షాపులో పదిమంది మీద పెద్ద. జనం అతన్ని "ఎర్నస్టీన్ వాళ్ళబ్బాయి" అంటారు.

ఆ క్యాసెట్లో పన్నెండో పాట అతని తల్లి మీద. అందులో బృందం లేదు, తాళం లేదు, ఉన్నది అతనొక్కడే. ఎవరూ అడగని పాట అది. సెలూన్ తెరిచే ముందు ఊడ్చుకుంటూ నేను పెట్టుకుంటాను. మొన్నొక పొద్దున అతను పెందలాడే వచ్చి, గుమ్మంలో ఆగి కాసేపు విన్నాడు.

"పక్కల జుట్టు కాస్త తగ్గించన్నా" అని కుర్చీలో కూర్చున్నాడు.

పాట పూర్తయ్యాకే కత్తెర పట్టుకున్నాను.